కారణం చెప్పమని అడిగినవాళ్లు

(మా శాఖా గ్రంథాలయంలో నెలనెలా జరిగే ఆదివారం సభలో ప్రాచీన గ్రీకుల గురించి చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప ఏమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి నా మాట వినిపిస్తోందా? వినిపిస్తోంది కదా, సరే.

నా చేతిలో ఉన్నది ఏమిటో చూడండి. కుండ పెంకు. మా పెరట్లో పాత కుండ పగిలితే దాచి తెచ్చాను. దీని మీద మేకుతో ఒక పేరు గీశాను. అరిస్టైడీస్. ముందు వరుసలోని పిల్లలు చేతికి తీసుకుని చూసి వెనక్కి పంపండి. అంచు పదునుగా ఉంది, జాగ్రత్త.

రెండున్నర వేల ఏళ్ల కిందట ఏథెన్స్ నగరంలో ఓటు చీటీ అంటే ఇదే. ఏడాదికి ఒకసారి పౌరులను సభలో అడిగేవారు, ఈసారి ఎవరినైనా ఊరు దాటించాలా అని. అవునంటే ఒక రోజు ఖాయం చేసేవారు. ఆ రోజు నగరం నడిబొడ్డున ఉన్న అంగడి మైదానానికి జనం తలా ఒక పెంకుతో వచ్చేవారు. ఎవరి పలుకుబడి నగరానికే ముప్పు తెచ్చేంతగా పెరిగిందని అనుకుంటే వారి పేరు గీసి వేసేవారు. మొత్తం 6,000 పెంకులు పోగవ్వాలి. అప్పుడు ఎక్కువ పెంకుల మీద పేరున్న మనిషి పది రోజుల్లో ఊరు విడిచి వెళ్లి పదేళ్లు బయట ఉండాలి. ఆస్తి పోదు, పౌరసత్వం పోదు. పదేళ్లు నిండాక మళ్లీ వచ్చి తన ఇంట్లో తాను ఉండవచ్చు.

ఈ అరిస్టైడీస్‌కు ‘న్యాయవంతుడు’ అని పేరు. క్రీ.పూ. 482లో పెంకుల రోజున చదువు రాని ఒక పల్లెటూరి మనిషి ఆయన దగ్గరికే వచ్చి, ఎవరో తెలియక, “అయ్యా, దీని మీద అరిస్టైడీస్ అని రాసిపెట్టు” అన్నాడట. “ఆయన నీకేం అపకారం చేశాడు?” అని అడిగాడు ఈయన. “ఏమీ చేయలేదు. నేను ఆయన్ని చూడనైనా లేదు. ఎక్కడికి పోయినా న్యాయవంతుడు, న్యాయవంతుడు అంటుంటే వినలేక విసుగొచ్చింది” అన్నాడు. అరిస్టైడీస్ మారు మాట్లాడకుండా తన పేరు తానే రాసి ఇచ్చాడు. వెలి పడింది. వెళ్లిపోయాడు. ఇది చాలా కాలం తర్వాత ప్లూటార్క్ రాసిన కథ. కథ నిజమో కాదో గాని పెంకులు మాత్రం నిజం. తవ్వకాల్లో వేలకు వేలు దొరికాయి. అక్రొపోలిస్ గుట్ట ఉత్తరపు వాలున ఒక పాత బావిలో సుమారు 190 పెంకులు ఒక్కచోటే దొరికాయి. వాటి మీద ఒకటే పేరు, అప్పటి ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్. చేతిరాతలు పోల్చి చూస్తే అన్నీ కలిపి పద్నాలుగు మంది రాసినవని తేలింది. ఏమిటి దీని అర్థం? ముందే రాసి పంచడానికి సిద్ధం చేసుకున్నారని పండితులు అంటారు. ఎన్నికల తంత్రాలు ఎంత పాతవో చూశారా!

గ్రీకుల గొప్పతనం అనగానే పార్థినాన్ ఆలయమో, పాలరాతి శిల్పాలో చూపించాలి గదా, ఈయన పెంకు తెచ్చాడేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఆలయం గొప్పదే. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి పదిహేనేళ్లలో పూర్తి చేశారు. సమంగా కనిపించే దాని అరుగు నిజానికి మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. కాని పెద్ద గుడులు ఈజిప్టువారూ కట్టారు, మనమూ కట్టాం. గ్రీకుల దగ్గర నన్ను నలభై ఏళ్లుగా కట్టిపడేసింది వేరే ఉంది. వాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఏ మాటైనా నలుగురి ముందు పెట్టడం, ‘ఎందుకు?’ అని అడిగించుకోవడం, కారణం చెప్పడం. రాజకీయంలో అదే, గణితంలో అదే, వైద్యంలో అదే, నాటకంలోనూ అదే. ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఆ ఒక్క అలవాటు గురించే.

గురువు కాదు, కారణం

గ్రీకులంటే ఒక దేశం అనుకోవద్దు. ఒక రాజు, ఒక రాజధాని వాళ్లకు లేవు. సముద్రం ఒడ్డున వందల కొద్దీ చిన్న చిన్న నగర రాజ్యాలు. అందులో ఒకటి మిలెటస్, ఇప్పటి టర్కీ పడమటి తీరంలో ఉంది. ఓడల వ్యాపారం మీద బతికిన ఊరు. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో ఆ ఒక్క ఊళ్లో ముగ్గురు వరసగా వచ్చారు. థేలీస్, అనాక్సిమాండర్, అనాక్సిమెనీస్. తర్వాతి కాలంవారు వాళ్లను ఒకే గురుపరంపరగా చెప్పుకున్నారు.

భూమి దేని మీద నిలిచి ఉంది? ఈ ప్రశ్న అన్ని జాతులూ వేసుకున్నాయి. థేలీస్ అన్నాడు, నీటి మీద కట్టెలా తేలుతోంది అని. మరి నీరు దేని మీద ఉంది? ఆయన తర్వాతివాడు అనాక్సిమాండర్ చెప్పిన జవాబు వినండి, జాగ్రత్తగా వినండి. భూమి దేని మీదా లేదు. అన్ని వైపుల నుంచీ సమాన దూరంలో ఉంది కాబట్టి ఇటు పడడానికి ఎంత కారణం ఉందో అటు పడడానికీ అంతే ఉంది. అందుకని ఎటూ పడక అలాగే ఉంది. ఆయన ఊహలో భూమి గుండ్రని బంతి కాదు, డోలు ఆకారం. ఆ సంగతి తప్పు. కాని పడకపోవడానికి ఆయన వెతికినది ఒక ఆధారం కాదు, ఒక కారణం! ఏనుగు లేదు, తాబేలు లేదు, దేవుడి భుజం లేదు. నేను ఈ మాట మొదటిసారి చదివిన రాత్రి నిద్రపోలేదు.

మూడోవాడు అనాక్సిమెనీస్ మళ్లీ కాదన్నాడు. భూమి పల్చటి పలకలా గాలి మీద తేలుతోందన్నాడు. అంటే ముగ్గురిలో ఏ ఇద్దరికీ పొత్తు కుదరలేదు. అయినా ముగ్గురి పేర్లూ గౌరవంగానే నిలిచాయి. గురువును కాదనడం గురుద్రోహం కాలేదు.

ఇదంతా వాళ్లే ఆకాశం నుంచి దించుకున్నారని నేను అనడం లేదు. అక్షరాలు ఫినీషియన్ల దగ్గర తీసుకుని అచ్చులు కలుపుకున్నారు. బాబిలోనియావాళ్లు వీళ్లకంటే వెయ్యేళ్ల ముందే మట్టి పలక మీద రెండు వర్గమూలాన్ని ఐదు దశాంశ స్థానాల వరకు సరిగ్గా రాశారు. యాగవేదికల కొలతలు చెప్పే మన శుల్బ సూత్రాల్లోనూ దాని విలువ ఉంది. మరి గ్రీకులు చేసిందేమిటి? ఆ సంఖ్యను ఎంత చిన్న భాగాలు చేసినా భిన్నంగా రాయలేమని నిరూపించారు. విలువ కట్టడం వేరు. ఎప్పటికీ, ఎవరికీ కుదరదని తేల్చి చెప్పడం వేరు.

నిరూపణ అంటే ఏమిటో ఇక్కడే చేసి చూపిస్తాను, రెండు నిమిషాలు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ పదమూడు భాగాల గ్రంథం రాశాడు. అందులో తొమ్మిదో భాగంలో ఉందిది. ప్రధాన సంఖ్యలు అంటే తెలుసు కదా పిల్లలూ? ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి. అవి ఎన్ని ఉన్నాయి? ఎవరో వచ్చి, ‘2, 3, 5, ఈ మూడే ఉన్నాయి’ అన్నారనుకోండి. సరే, మూడింటినీ గుణించండి. ముప్పై. ఒకటి కలపండి. 31. దీన్ని రెండుతో భాగిస్తే ఎంత మిగులుతుంది? ఒకటి. మూడుతో? ఒకటి. అయిదుతో? అదీ ఒకటే. కాని ఏ సంఖ్యనైనా భాగించే ప్రధాన సంఖ్య ఏదో ఒకటి ఉండి తీరాలి. కాబట్టి మన జాబితాలో లేని ప్రధాన సంఖ్య ఒకటి ఉంది. ఇక్కడ 31 తానే ప్రధాన సంఖ్య. ప్రతిసారీ అలా కాదు. 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలిపితే 30,031 వస్తుంది. అది 59ని 509తో గుణిస్తే వచ్చేది. ఆ రెండూ మన జాబితాలో లేవు కదా! ఎంత పొడవు జాబితా తెచ్చినా ఇదే గతి. ప్రధాన సంఖ్యలకు అంతు లేదు.

ఇప్పుడు చెప్పండి, ఇది నమ్మడానికి యూక్లిడ్ ఎవరో మీకు తెలియాలా? ఆయన కులం, ఊరు, భాష తెలియాలా? నేను చెప్పానని నమ్మాలా? అక్కర్లేదు. ఏడో తరగతి అమ్మాయి కూర్చుని సరిచూసుకోవచ్చు. సరిచూసుకున్నాక అది ఆ అమ్మాయి సొంతం.

ఎరటోస్తనీస్ నీడ కొలిచి భూమి చుట్టుకొలత లెక్కగట్టిన సంగతి మీ పాఠాల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. నాకు వైద్యం గురించి చెప్పాలని ఉంది.

మా చిన్నతనంలో మా ఊరి బస్టాండులో ఒక యువకుడు మూర్ఛ వచ్చి పడిపోయాడు. చుట్టూ జనం. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెట్టమన్నారు, ఒకరు ఇనుప ముక్క తెమ్మన్నారు, ఒకరు ‘గాలి సోకింది, ముట్టుకోవద్దు’ అన్నారు. అతని తల రాతికి తగలకుండా పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ పట్టుకోలేదు, భయపడి చూస్తూ నిలబడ్డాను. అది నాకు ఇప్పటికీ బాధ.

హిపోక్రటీస్ అనే గ్రీకు వైద్యుడి పేరున మనకు చేరిన గ్రంథాల్లో ఒక చిన్న పుస్తకం ఈ జబ్బు మీదే ఉంది. అప్పట్లో గ్రీకులు దీన్ని ‘పవిత్ర వ్యాధి’ అనేవారు, దేవుడు పూనాడని. ఆ పుస్తకం మొదలే ఇలా ఉంటుంది: ఈ జబ్బు మిగతా జబ్బులకంటే ఎక్కువ పవిత్రమేమీ కాదు, దీనికీ ప్రకృతిలో కారణం ఉంది, మనుషులకు తెలియదు కాబట్టి దేవుడి మీద పెట్టారు. తర్వాత ఆ పుస్తకం రాసిన వైద్యుడు మంత్రగాళ్లను నిలదీస్తాడు. మేకలకు కూడా ఇది వస్తుంది కదా, అలా చచ్చిన మేక తల కోసి చూడండి అంటాడు. మెదడు తడిగా, నీరు నిండి, వాసన కొడుతూ కనిపిస్తుంది. మనిషిని పట్టి పీడించేది దేవుడు కాదు, జబ్బు అని మీ కళ్లతో మీరే చూస్తారు అంటాడు. ఈ జబ్బుకు కఫం కారణమని ఆయన వేసిన లెక్క నేటి వైద్యం ఒప్పుకోదు. కాని జబ్బు మెదడులో ఉందన్నది సరైన మాట. అంతకంటే ముఖ్యం, ‘కోసి చూడండి’ అనడం.

ఈ ‘మీరే చూడండి’ అన్నది ఆ వైద్యుల నోట తరచుగా వినిపిస్తుంది. మరో పుస్తకంలో అంటారు, ఇరవై గుడ్లో అంతకంటే ఎక్కువో తీసుకుని రెండు మూడు కోళ్ల కింద పొదగవేయండి, రెండో రోజు నుంచి రోజుకొకటి పగలగొట్టి చూడండి అని. అరిస్టాటిల్ కూడా గుడ్లు ఇలాగే చూశాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక తెల్లసొనలో నెత్తుటి చుక్కంత గుండె కనిపిస్తుంది, అది ప్రాణమున్నట్టు కొట్టుకుంటూ కదులుతుంది అని రాశాడు. ఊహించుకోండి ఒక్కసారి. ప్లేటో దగ్గర ఇరవై ఏళ్లు చదివినవాడు, అలెగ్జాండర్‌కు పాఠం చెప్పినవాడు గుడ్డు పెంకు మెల్లగా ఒలిచి, ఊపిరి బిగబట్టి ఎర్రటి చుక్క కేసి చూస్తున్నాడు!

అదే అరిస్టాటిల్ ఆలోచనకు స్థానం గుండె అన్నాడు, మెదడు కాదన్నాడు. తప్పు. ఆయన తర్వాత కొద్ది కాలానికే ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి, నరాల దారి పట్టుకుని వెళ్లి అవి మెదడుకు చేరుతున్నాయని చూపించాడు. అంత పెద్ద పేరు అడ్డు రాలేదు.

శత్రువు ఏడుపు

నాటకం దగ్గరికి వస్తున్నాను. ఇది కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఇందాక మిలెటస్ అన్నాను కదా. ఆ ఊరిని క్రీ.పూ. 494లో పర్షియన్లు ధ్వంసం చేశారు. ఏథెన్స్‌లో ఫ్రినికస్ అనే కవి దాని మీద నాటకం ఆడించాడు. ప్రేక్షకులంతా భోరున ఏడ్చారు. మన కష్టాలు మళ్లీ గుర్తుచేశావని ఆ కవికి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదన్నారు. తర్వాత పర్షియన్లు ఏథెన్స్ మీదికే వచ్చారు. 480లో నగరం తగలబెట్టారు, గుట్ట మీది గుడులు కాల్చేశారు. అదే ఏడాది సలామిస్ దగ్గర సముద్ర యుద్ధంలో గ్రీకులు గెలిచారు.

దాదాపు ఎనిమిదేళ్లు గడిచాయి. క్రీ.పూ. 472. వసంత కాలం, డయొనైసస్ అనే దేవుడి ఉత్సవం. కాలిన గుడుల శిథిలాలు పైన అలాగే ఉన్నాయి, ఆ గుట్ట వాలులోనే జనం కూర్చున్నారు. పోయినవారి తండ్రులున్నారు, అన్నదమ్ములున్నారు, ఓడల్లో తెడ్డు వేసినవారున్నారు. ఎస్కిలస్ నాటకం మొదలైంది. ఆయన స్వయంగా మారథాన్ యుద్ధంలో పర్షియన్లతో పోరాడినవాడు. ప్రదర్శన ఖర్చు పెట్టుకున్నది తర్వాత ఏథెన్స్ నాయకుడైన పెరిక్లీస్, అప్పటికి కుర్రవాడు. నాటకం పేరు ‘పర్షియన్లు’. పూర్తిగా మనకు దక్కిన గ్రీకు నాటకాల్లో ఇదే అన్నిటికంటే పాతది.

ఎక్కడ జరుగుతుంది? ఏథెన్స్‌లో కాదు. శత్రువు రాజధాని సూసాలో. రంగం మీద ఒక్క గ్రీకువాడు లేడు. పర్షియా ముసలి పెద్దలు కబురు కోసం ఎదురుచూస్తుంటారు. రాజమాతకు పీడకల వస్తుంది. ఆ ఏథెన్స్ ఎక్కడుంది, వాళ్ల యజమాని ఎవరు అని అడుగుతుంది. వాళ్లు ఎవరికీ బానిసలు కారమ్మా, ఎవరి ఏలుబడిలోనూ లేరు అంటారు పెద్దలు. ఆమెకు అర్థం కాదు. ఇంతలో వార్తాహరుడు వచ్చి సలామిస్‌లో చచ్చిపోయినవారి పేర్లు చదువుతాడు. పర్షియన్ పేర్లు. ఒకటి తర్వాత ఒకటి. చివరికి ఓడిన రాజు జెర్క్సీస్ చినిగిన బట్టలతో వస్తాడు, వృద్ధులూ ఆయనా కలిసి గుండెలు బాదుకుంటారు. అక్కడితో ముగుస్తుంది.

తమ ఇళ్లు కాల్చినవాడి ఏడుపు చూశారు ఏథెన్స్ జనం. చూసి మొదటి బహుమతి ఇచ్చారు. అందులో విజయగర్వం లేదా? ఉంది, తప్పకుండా ఉంది. అయినా శత్రువు తల్లికి నిద్ర పట్టని రాత్రిని ఆ వాలు మీద కూర్చుని కళ్లారా చూశారు. యుద్ధం గెలిచి ఎనిమిదేళ్లయినా కాకుండా ఇలాంటి నాటకం ఆడించుకున్న జాతి ఇంకొకటి ఉందా? నాకు తెలిసినంతలో లేదు.

ఇక్కడ ఒకరు చెయ్యెత్తారు. అడగండమ్మా. అవును, బానిసల మాటేమిటి అంటున్నారు. అడగవలసిన ప్రశ్నే. ‘ఎవరికీ బానిసలు కారు’ అని రంగం మీద అనిపించుకున్న ఆ ఊరి ఇళ్ల నిండా బానిసలున్నారు. సలామిస్‌లో గెలిపించిన ఓడలు లారియం గనుల వెండితో కట్టినవి. ఆ గనుల్లో పాకుతూ పనిచేసింది బానిసలు. సభలో ఆడవారికి చోటు లేదు. బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవారికి లేదు. ఎరెక్తియాన్ గుడి కట్టినప్పటి ఖర్చుల లెక్క రాతి మీద చెక్కి ఉంది, అది చదివితే పౌరుడూ బానిసా పక్కపక్కనే స్తంభాలు చెక్కి, ఇద్దరూ రోజుకు ఒకే డ్రాక్మా కూలి సంపాదించినట్టు కనిపిస్తుంది. బానిస పేరున రాసిన కూలి అతని చేతిలో మిగిలి ఉంటుందా? యజమానికే పోయి ఉంటుంది.

కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ వాదించాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది, కోడిగుడ్డు ముందు కూర్చున్న మనిషేనా ఈయన అని. కాని ఆ పుస్తకంలోనే ఆయన ఎదుటి పక్షం మాట కూడా రాశాడు, బానిసత్వం ప్రకృతి విరుద్ధం, బలవంతంతో పెట్టిన ఆచారం అనేవారు ఉన్నారని. అల్కిడమస్ అనే వక్త అయితే ‘దేవుడు అందరినీ స్వేచ్ఛగా వదిలాడు, ప్రకృతి ఎవరినీ బానిసగా చేయలేదు’ అన్నాడు. ఆ వాక్యం మనకు మిగిలింది. ఆ వాదనలో వాళ్లు గెలవలేదు.

చివరగా, ఇదంతా మన దాకా ఎలా వచ్చింది? కొంత మన నోట్లోనే ఉంది. ‘కేంద్రం’ అంటాం కదా, కేంద్ర ప్రభుత్వం, పరీక్షా కేంద్రం. ఆ మాట గ్రీకు ‘కెంట్రాన్’. ఎద్దును అదిలించే ములుకోల మొన అని దాని అర్థం. వృత్తం గీసేటప్పుడు మొన గుచ్చిన చోటుకు ఆ పేరు వచ్చింది. జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చింది. ‘హోర’ కూడా అంతే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు, యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే, అయినా ఈ శాస్త్రం వారిలో చక్కగా నిలిచి ఉంది, వారిని సైతం ఋషుల్లా పూజిస్తారు అని.

కొంత మాత్రం పోబోయి దక్కింది. సొఫొక్లీస్ నూరుకు పైగా నాటకాలు రాస్తే మనకు మిగిలినవి ఏడు. ఆర్కిమిడీస్ రాతలున్న ఒక తోలు పుస్తకాన్ని పదమూడో శతాబ్దంలో ఒక పూజారి గీకి చెరిపేసి, ఆకులను అడ్డంగా తిప్పి, దాని మీద ప్రార్థనలు రాసుకున్నాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, తోలు ఖరీదైనది. 1906లో హైబర్గ్ అనే డేనిష్ పండితుడు కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, ప్రార్థనల సందుల్లోంచి అడుగున మాసిన అక్షరాలను భూతద్దంతో చదివాడు. తర్వాత ఆ పుస్తకం మాయమైంది, 1998లో న్యూయార్క్ వేలంలో ఇరవై లక్షల డాలర్లకు అమ్ముడైంది. కొన్నవారు దాన్ని దాచుకోకుండా పండితుల చేతికి ఇచ్చారు. రకరకాల కాంతులతో, ఎక్స్ కిరణాలతో ఫొటోలు తీసి మరిన్ని పంక్తులు చదివారు.

ఏముంది అందులో? ఎరటోస్తనీస్‌కు ఆర్కిమిడీస్ రాసిన ఉత్తరం ఒకటి ఉంది. తన సిద్ధాంతాలు కొన్నిటిని ఆయనకు ముందే పంపాడు. ఈ ఉత్తరంలో అసలు అవి తనకు ఎలా తట్టాయో చెబుతున్నాడు. ఆకారాలను త్రాసులో తూచినట్టు మనసులో తూచి చూశానని, అది నిరూపణ కాదని, దారి మాత్రమేనని ఒప్పుకుంటున్నాడు. మరి ఎందుకు బయటపెడుతున్నట్టు? ఇప్పుడున్నవారో, ఇంకా పుట్టనివారో ఈ పద్ధతి పట్టుకుని నాకు తట్టనివి కనుక్కుంటారు గదా, అందుకని అంటాడు.

పెంకు ఎవరి దగ్గర ఆగింది? ఇటు పంపండి. ఇంకా ఎవరైనా అడగాలనుకుంటే అడగండి, గ్రంథాలయం మూసేదాకా ఉంటాను.